మర్రిగూడ నుండి అనురాధపురమునకు

దక్షిణ తెలంగాణపు ఎఱ్ఱచెలకలలో పుట్టినవానికి ప్రయాణమనగా చిరకాలముగా పొట్టకూటికై చేయు ప్రయాణమే గాని, కన్నులార లోకమును చూచుటకై చేయు ప్రయాణము కాదు. వానలు మొగము చాటుచేసిన యేట పాలమూరు కూలీలు మేస్త్రీల వెంట మూటాముల్లె కట్టుకొని దూరప్రాంతములలో ఆనకట్టలు కట్టుటకును కాలువలు త్రవ్వుటకును వలసపోయినారు; మా మర్రిగూడ వైపు జనము మాల్, యాచారము, ఇబ్రహీంపట్నముల మీదుగా పట్నము చేరి, తట్టయో పారయో చేతబట్టి బ్రతుకుదెరువు చూచుకొన్నారు. ఇట్టి నేలలో, కొలది దినములు పరదేశమునకు పోయి చూచి వత్తమను ఆలోచన మొన్నటి తరమువారికి కలలోనైనను రాలేదు. 2008లో శంషాబాదున విమానాశ్రయము వెలసి, పిల్లలు చదువులకును ఉద్యోగములకును ఎగిరిపోవుట మొదలైన పిమ్మట ఆ ఆలోచన మావంటివారికి సైతము అందుబాటులోనికి వచ్చినది.

కొలది దినముల యాత్రలో దేశమేమి తెలియునని పెద్దలు ఆక్షేపింతురు. భాష రానివానికి, బంధువులు లేనివానికి, బసలో నిద్రించి వాహనములో తిరుగువానికి ఒక దేశపు అంతరంగము తెలియదన్న మాట నిజమే. అయినను తొలిచూపునకు దానిదైన శక్తి కలదు. అక్కడివారు నిత్యము చూచి చూచి గమనింపని వస్తువు కొత్తవాని కంటికి ముందుగా ఆనును. అంతకన్న ముఖ్యముగా, తన యింట ఏది కొఱవడినదో దానినే యాత్రికుడు పరాయిచోట మొదట పసిగట్టును. సముద్రతీరమున సూర్యాస్తమయము చూడవలెనని శ్రీలంకకు పోవువారు వేలకొలది గలరు. మేము అక్కడి చెరువులను చూడబోయితిమి.

ఇందుకు కారణము మర్రిగూడ నీరే. నల్లగొండ జిల్లాలోని మా మండలపు నేల క్రింద నున్న నల్లరాతి పొరలలో ఫ్లోరైడు కలదు. నీరు రాతిలో ఎంత ఎక్కువ కాలము నిలిచిన అది అంత ఎక్కువగా కరుగును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు త్రాగుటకు తగదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. చెరువులు ఎండి, బావులు అడుగంటి, బోర్లు ఏటేట లోతునకు దిగిన కొలది ఆ నీటినే త్రాగిన మా తరములకు పండ్లు గారపట్టినవి, మోకాళ్లు బిగిసినవి, వెన్నులు వంగినవి. నడివయస్కులు కఱ్ఱ ఊతతో నడచుటయు, బిడ్డలు వంకరకాళ్లతో బడికి వచ్చుటయు మేము చూచుచు పెరిగితిమి. పటికను సున్నమును కలిపి ఫ్లోరైడును తేర్చు విధానమొకటి నాగపూరు పరిశోధకులచే రూపొందింపబడి, ‘నల్లగొండ పద్ధతి’ యను పేర ఆఫ్రికా ఖండము వఱకు పోయినది. ఒక జిల్లా పేరు దాని వ్యాధి మూలముగా దేశదేశముల పుస్తకములకెక్కుట ఆ జిల్లావానికి ఎట్టి బాధయో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. తరువాత నాగార్జునసాగరపు వెనుకజలములను పుట్టంగండి వద్ద ఎత్తి, అక్కంపల్లి జలాశయము మీదుగా నల్లగొండ ఫ్లోరైడు గ్రామములకు కృష్ణనీరు తెచ్చినారు. నేడు నల్లాలలో ఆ కృష్ణమ్మయే వచ్చుచున్నది. శివన్నగూడెము దగ్గఱ డిండి ఎత్తిపోతల పథకమున జలాశయము కట్టుటకు పూనుకొన్నారు. కాని పాత ఎముకలలో దిగిన విషము కొత్త నీటితో దిగిపోదు.

నాతో వచ్చిన నా బావమరిది శివన్నగూడెమువాడు, బత్తాయి తోట పెంచినవాడు. అతని మెడ బిగిసియుండుటచే ప్రక్కకు చూడవలెనన్న భుజములతో సహా తిరుగవలెను. లంకలో రెండువేల ఏండ్లనాటి చెరువులు ఇంకను నీరిచ్చుచున్నవని నేను చెప్పగా, “బావా, గాడ గూడ వానలు సగమేడాదే పడ్తయంటివి. గట్లయిన గిప్పటిదాంక చెరువుల నీళ్లుంటున్నయంటే పోయి సూడాల్సిందే” అని పట్టుబట్టినవాడు అతడే.

విమానము కటునాయకలో దిగినప్పుడు నన్ను మొదట తాకినది గాలి. మా యెండ చర్మమును మాడ్చును; ఆ గాలి చర్మమునకు అంటుకొన్నది. రహదారికి ఇరువైపుల కొబ్బరితోటలు, ఏ యింటికి ఆ యింటిచుట్టు పనస, అరటి, పోక. కూడలి కూడలిలో అద్దముల మందసమున బుద్ధవిగ్రహము. తెల్లని దుస్తులలో బడికి పోవు పిల్లలు. త్రోవప్రక్కన నారింజరంగు బోండములు గెలలు గెలలుగా వ్రేలాడుచుండెను. వారు తంబిలి యని పిలుచు ఆ బోండములో నీరు మన కొబ్బరినీటికంటె తియ్యగ నుండును. సింహళలిపి గుండ్రదనములో మన లిపికి దగ్గఱచుట్టమువలె కనబడి, చదువబోయిన ప్రతిసారి ఆశపెట్టి విడిచినది. ఈ పచ్చదనమంతయు చూచి నా బావమరిది సంతోషించుటకు మారుగా చిన్నబుచ్చుకొన్నాడు. ఇంత నీరున్నచోట చెరువు కట్టుటలో గొప్పయేమని అతని శంక.

కురునేగల దాటి ఉత్తరమునకు పోయిన కొలది ఆ శంక తీరినది. కొబ్బరి పలుచబడినది, రాచకొండ వైపు గుట్టలను తలపించు బోడిబండలు పొదల నడుమ తలలెత్తినవి, నేల ఎఱ్ఱబడినది. ఆ దేశమువారు ఎండ మండలమని పిలుచు భాగమిది. ఇక్కడ పడు వాన మా ఊరి వానకంటె అధికమే గాని, అది చాలవఱకు ఈశాన్య ఋతుపవనముతో అక్టోబరు మొదలు జనవరి వఱకు కురిసి, ఆపై నెలల తరబడి ఎండగాయును. ఆ నాలుగు నెలల నీటిని ఏడాది పొడుగున దాచుకొనలేనివారికి అచ్చట జీవనము లేదు. మన వానకారు, యాసంగి వలెనే వారికి ‘మహా’, ‘యాల’ యను రెండు పంటకాలములు కలవు. రెండవది చాలవఱకు చెరువును నమ్ముకొన్నది.

అనురాధపురము చేరిన సాయంకాలము తిస్సవెవ కట్టపై నడచితిమి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దిలో దేవానాంపియతిస్సుడను రాజు కట్టించిన చెరువది. దానికి నీరు తెచ్చు కాలువ చరిత్ర మఱింత విస్మయకరము: అయిదవ శతాబ్దిలో ధాతుసేనుడు కళావెవ యను మహాతటాకమును కట్టించి, అచ్చటనుండి 87 కిలోమీటర్ల పొడవున ఈ నగరపు చెరువులకు కాలువ తీయించినాడు. అందు తొలి 17 మైళ్లలో మైలుకు ఆరంగుళముల వాలు మాత్రమే కలదని ఇంజనీర్లు కొలిచి చెప్పినారు. నేటి కొలతపరికరము లొక్కటియు లేని కాలమున, అడవిలో, మైలు దూరమునకు జానెడుకన్న తక్కువ వాలును తప్పక నిలుపుట ఏ లెక్కతో సాధించిరో నాకు అందలేదు. కట్టమీద ఆడువారు బట్టలుతుకుచుండిరి, పిల్లలు ఈదుచుండిరి, ఒక ముదుసలి మెడలోతు నీటిలో నిలిచి తలరుద్దుకొనుచుండెను. నా బావమరిది మెల్లగా మెట్లు దిగి, దోసెడు నీరు తీసికొని, మోకాళ్లకు రాచుకొన్నాడు.

ఆ నగరమున స్తూపములు చూచితిమి. మూడవ శతాబ్దిలో మహాసేనుడు మొదలుపెట్టిన జేతవనస్తూపము తొలుత సుమారు 120 మీటర్ల ఎత్తుండెను. ప్రాచీనప్రపంచమున దానికి మించిన ఎత్తుగల కట్టడములు ఈజిప్టు పిరమిడ్ల వంటివి ఏ రెండుమూడో. ఆ యిటుకల రాశి ముందు నిలిచినప్పుడు నాకు మా కృష్ణాతీరమే జ్ఞప్తికి వచ్చినది. ఇంచుమించు అదే శతాబ్దమున ఇక్ష్వాకుల విజయపురిలో, నేటి నాగార్జునకొండ లోయలో, సింహళవిహారమను విహారముండెను. వీరపురుషదత్తుని పదునాల్గవ పాలనావర్షపు శాసనమొకటి, బోధిసిరి యను ఉపాసిక తామ్రపర్ణి, అనగా లంక, నుండి వచ్చిన ఆచార్యుల కొఱకు చైత్యగృహము కట్టించినట్లు చెప్పుచున్నది. సముద్రము దాటి వచ్చిన ఆ భిక్షువులు నివసించిన లోయ నాగార్జునసాగరమున మునిగినది. త్రవ్వకములలో దొరికిన శిల్పములను, కొన్ని కట్టడములను కొండపైకి తరలించినారు. ఆ లోయను నింపిన నీరే పుట్టంగండి మీదుగా మా నల్లాలకు వచ్చు నీరు. ఈ సంగతి చెప్పినప్పుడు నా బావమరిది చాలసేపు మాటాడలేదు. ఏ దేశమును కొత్తదేశమని నేను అనుకొని వచ్చితినో, ఆ దేశపు సన్యాసులు మా ఏటిగట్టున పదునేడువందల ఏండ్ల క్రిందటనే నీరు త్రాగిపోయినారు.

ఇక నిజముగా మేము చూడవలసినది నగరపు మహాతటాకములు గావు, పల్లె చెరువులు. మా వాహనము నడపిన యువకుడు తన మేనమామ ఊరికి తీసికొనిపోయెను. ఆ ఊరి చెరువు పెద్దది కాదు, మా మర్రిగూడ వైపు కుంటలంతయే. కాని మన గొలుసుకట్టు చెరువులవలె ఎగువచెరువు అలుగు దిగువచెరువునకు నీరిచ్చుచు, ఒక లోయపొడుగున చెరువుల వరుస సాగినది. ఈ వరుసలను, వాటి నంటియున్న పల్లెల వ్యవసాయమును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది.

ఆ ఊరి పెద్దరైతు, డెబ్బదియేండ్ల పైబడినవాడు, నెత్తికి తువ్వాలు చుట్టుకొని ముందు నడచినాడు. ఎగువన, నీరు చెరువులో ప్రవేశించుచోట, చెట్లపట్టీ ఒకటి కలదు. గాలిని ఆపి, నీరు ఆవిరి కాకుండ కాపాడుట దాని పని. అంతకు పైన చిన్నగుంట. వరదతో వచ్చు ఒండ్రు అందులో దిగబడి, చెరువు పూడకుండును. కట్టకు దిగువన, పొలములకు పైన, మఱియొక దట్టమైన చెట్లపట్టీ. దానిని కట్టకడువ యందురు. కట్ట క్రిందినుండి ఊరి వచ్చు నీటిలోని ఉప్పును అక్కడి చెట్లు, గడ్డి, బురద పీల్చుకొని, పొలమునకు మంచినీరు వదలును. ఆ చెట్లేవో చూతమని దగ్గఱకు పోయి మేమిద్దరమును ఆగిపోతిమి. వారు కుంబుక్ అని పిలుచు చెట్టు మన తెల్లమద్ది. ‘మీ’ యని వారు పిలుచునది మన ఇప్ప. తెల్లమద్ది బోదెలు కౌగిట పట్టనివి, వేళ్లు కట్టను బిగించి పట్టుకొన్నవి.

“బావా, మన కట్ట కింద ఏముండె?” అని బావమరిది అడిగినాడు.

సర్కారు తుమ్మ, వాని క్రింద చెత్త, దానినానుకొని ఎవరో కలుపుకొన్న చెలక. నేను జవాబు చెప్పలేదు. అతడును మఱి అడుగలేదు.

తూము దగ్గఱ కూర్చుంటిమి. మన తూములో రెండు రాతికంబముల నడుమ, బెజ్జముగల బండకు కఱ్ఱబిరడా దించి నీటిని ఆపుదురు. లోతు నీటిలో దానిని ఎత్తుట దించుట బలమైన పని. లంకవారి పాత చెరువులలో కట్ట లోపల రాతితో నలుచదరపు కొట్టు ఒకటి కట్టి, దానిలో నీటి ఒత్తిడిని విఱిచి, అటుపై పొలముల కాలువకు వదలుదురు. బిసోకొటువ యనబడు ఈ కట్టడమును హెన్రీ పార్కరను ఆంగ్ల ఇంజనీరు పరిశీలించి, నేటి జలాశయముల కవాటబురుజుల పని చేయు కట్టడమును మొదట కనిపెట్టినవారు వీరేనని ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో వ్రాసినాడు. అంతకంటె నన్ను ఆకర్షించినది వారి బెత్మ. చెరువులో నీరు తక్కువైన యేట, ఊరందఱు కూడి, తూముకు చేరువనున్న భూమిని మాత్రమే సాగునకు నిర్ణయించి, ఆ భూమి ఎవరిదైనను సరే, ఆ పంటకాలమునకు అందఱికి భాగములు పంచుకొందురు. దూరపుమడి వాడు ఎండిపోడు. మన తైబందీలోనూ కొంచెము నీటికి తగినంత భూమికే సాగు పరిమితమగును గాని, పొరుగువానికి తన మడిలో భాగమిచ్చుట నే నెరిగినంతవఱకు లేదు. నాకు కనబడిన లంకలో ఇది అన్నిటికంటె గొప్పకట్టడము.

పూర్వము ఈ పంపకములన్నియు వెల్ విదానె యనువాని చేతిలో నుండెడివట. మీ ఊర నీరు పంచువాడెవడని ముసలిరైతు అడిగినాడు. నా బావమరిది, “మా తాతల కాలంల నీరడి ఉండె, తూము తీసుడు మూసుడు ఆయన చేతులనే. గిప్పుడు ఎవరి బోరు వాళ్లదే” అన్నాడు. బోరు ఎంత లోతని రైతు అడిగినాడు. ఏడెనిమిది వందల అడుగులని విని, నమ్మక, వాహనము నడపు యువకునిచేత మఱల అడిగించినాడు.

అంత మాత్రమున ఆ పల్లె స్వర్గమని నేను వ్రాసిన అసత్యమగును. మాకు చాయ తెచ్చిన పదేండ్ల బాలిక నవ్వినప్పుడు, ముందుపండ్లపై అడ్డముగా గోధుమరంగు చారలు కనబడినవి. మాకు ఆ చారలను గుర్తుపట్టుటకు వైద్యుని అవసరము లేదు. నా బావమరిది తన పెదవి పైకెత్తి తన పండ్లు చూపినాడు. ముసలిరైతు చూచి, తలయూచి, తన పండ్లు చూపినాడు. ఒకరి భాష ఒకరికి రాని ఆ యిద్దఱు ఆ రెండు క్షణములలో మాటాడుకొన్నంత, ఆ యాత్రలో ఎవరును ఎవరితోను మాటాడుకొనలేదు.

ఆ ప్రాంతపు నూతులలోను ఫ్లోరైడు కలదు, నీటికాఠిన్యము మెండు. దానికితోడు మఱియొక పెద్దకష్టము. 1990 దశాబ్ది నడుమ నుండి, మధుమేహము గాని రక్తపుపోటు గాని లేని రైతులకు అక్కడ మూత్రపిండములు చెడిపోవుచున్నట్లు వైద్యులు గుర్తించినారు. ఫ్లోరైడనిరి, పురుగుమందులనిరి, ఎండలో నీరు త్రాగక పనిచేయుట యనిరి. కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. అందుచేత ఊరూర ఆర్వో ప్లాంటులు వెలసినవి. సాయంకాలము వేళ ప్లాస్టికు డబ్బాలతో జనము వరుసకట్టుట మా మర్రిగూడలో చూచినట్టే యుండెను. చెరువుకు చేరువనున్న బావిలో ఊట మంచిదని, దూరపుబావి పనికిరాదని ముసలిరైతు చెప్పినాడు. పై నీటిని నేలలో ఇంకనిచ్చిన చోట విషము పలుచబడునన్నది మేమును అనుభవముతో ఎరిగినదే.

తిరుగుత్రోవలో తంబుత్తేగమ దగ్గఱ కుడగమ యను పల్లెలో ఆగితిమి. అహికుంటకులని సింహళులు పిలుచువారు అక్కడ స్థిరపడి యున్నారు; పాములాడించుట, కోతులాడించుట, చేయిచూచి చెప్పుట వారి పూర్వవృత్తి; ఇంటిభాష తెలుగు. పాకముందు కూర్చున్న ఒక అవ్వ, మా మాటలు విని, తలయెత్తి “ఏ ఊరోళ్లు?” అన్నప్పుడు నా ఒడలు గగుర్పొడిచినది. ఆమె తెలుగులో యాస వేఱు, నడుమ సింహళపదములు మెండు. అయినను ఎండలు, అప్పులు, పెండ్లిండ్లు, మోకాళ్లనొప్పులు మేము చక్కగా చెప్పుకొంటిమి. మనుమలకు ఈ మాట రాదని, బడిలో సింహళమే చదువుదురని ఆమె చెప్పినది. ఈ తెలుగువారిని గూర్చి మన పాఠ్యపుస్తకములలో ఒక్క పంక్తియైన నేను చదివిన గుర్తులేదు. ఇది నాకు చాల కష్టముగా తోచినది.

కండి నగరమును త్వరగా చూచితిమి. 1739 మొదలు 1815 వఱకు అక్కడ ఏలినవారు తెలుగు మూలముగల నాయకవంశీయులు. వారిలో కడపటివాడు శ్రీ విక్రమరాజసింహుడు 1807లో బుద్ధుని దంతధాతుమందిరము ముందర నున్న వరిపొలములను చెరువుగా మార్చినాడు. చెరువు మనోహరమైనదే. కాని అది పొలమునకు నీరిచ్చుటకు గాక రాజధానికి శోభగా కట్టినది, వెట్టితో కట్టించినది. ఆ రాజును ప్రజలు ద్వేషించుటకు అదియు ఒక హేతువని చెప్పుదురు. 1815లో ఆంగ్లేయులు అతనిని పదవీచ్యుతుని చేసి, పిమ్మట వేలూరు కోటకు పంపగా, 1832లో అచ్చటనే మరణించినాడు. మా వాడని గర్వింపబోయిన నాకు, పల్లెలో బెత్మ చూచి వచ్చిన కండ్లతో ఆ చెరువు అంతగా రుచింపలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట నా బావమరిది చెరువుకట్టపై ఆయకట్టు రైతులను కూర్చుండబెట్టి, తెల్లమద్ది సంగతి, కట్ట దిగువ చెట్లపట్టీ సంగతి చెప్పినాడు. మద్దిమొక్కలు ఎక్కడ దొరకునని ఇద్దఱు ముగ్గురు అడిగినారు; తొలకరికి గుంతలు తీయుదమని ఒప్పుకొన్నారు. తక్కినవారు, ఆ దిగువనేల కొంత తమ పట్టాలో నున్నదని, ముందు సర్వే చేయించి హద్దులు తేల్చిన పిమ్మట మాటాడుదమని లేచినారు. సర్వేకు దరఖాస్తు నేనే వ్రాసి యిచ్చితిని.